ఎక్కిన నరం, దిగని డ్రైవరు

మా ఆయనకి కాలు నొప్పి మొదలైనప్పుడు అది కాలు నొప్పి కాదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం తప్పేమీ కాదు. తెలియకపోయినా వైద్యం ఆపకపోవడమే మావాళ్ళ గొప్పతనం.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. పంతొమ్మిదేళ్ళుగా స్టీరింగు ముందు కూర్చుని కూర్చుని, ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఎడమకాలు క్లచ్చు కోసం వెతుక్కునే మనిషి. ఆ ఎడమకాలే మొరాయించింది. నడుము కింద, పిర్ర లోతుల్లో ఎక్కడో పుట్టి, తొడ వెనకగా జారి, పిక్క పక్కనుంచి పాదం మీదికి వచ్చి, బొటనవేలి దగ్గర ఆగేది నొప్పి. ఆయన తోలే రూటుకి కూడా అన్ని స్టాపులు లేవు.

తుమ్మితే కాల్లో మెరుపు. దగ్గితే మెరుపు. తుమ్ము రాబోతోందంటే ఆయన గోడో తలుపో పట్టుకుని కళ్ళు మూసుకునేవారు. నేనూ మా అత్తగారూ చేస్తున్న పని ఆపి చూస్తూ నిలబడేవాళ్ళం. నిలబడితే ఆయనకి కొంత నయం, నడిస్తే ఇంకొంత నయం, కూర్చుంటే మాత్రం నరకం. ఆయనకి జీతమిచ్చేదే కూర్చున్నందుకు.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి" అన్నాను మూడోరోజే.

"ఎందుకూ? కాలు బెణికింది, అంతే."

"ఎప్పుడు బెణికింది?"

"బెణికేటప్పుడు టైము చూసుకుంటారా ఎవరైనా?"

అసలు సంగతి వేరే ఉంది. నెలాఖరున డిపోలో డ్రైవర్లకి మెడికల్ ఫిట్‌నెస్. రెండేళ్ళకోసారి వచ్చే గండం. అందులో పోతే స్టీరింగు మీదనుంచి దించి ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చోబెడతారు. మైకు పట్టుకుని "పదిహేడో నంబరు ఐదో ప్లాట్‌ఫారం" అని రోజుకి మూడొందలసార్లు అరవడం. మా ఆయన దృష్టిలో అది ఉద్యోగం కాదు, బతికుండగానే ఫొటో అయి గోడకెక్కడం. డాక్టరు దగ్గరికి వెళ్తే ఏదో ఒకటి రాస్తారు, రాసింది డిపోకి చేరుతుంది, స్టీరింగు పోతుంది. అందుకని ఆయన డాక్టరు కానివాళ్ళందరి దగ్గరికీ వెళ్ళడానికి సిద్ధపడ్డారు.

అలాంటివాళ్ళలో మొదటివాడు ఇంటికే వచ్చాడు. మా ఆయన బస్సులోనే పదకొండేళ్ళుగా కండక్టరు. డిపోలో అందరూ "రైట్ రైట్" అనే పిలుస్తారు. ఎవరేమన్నా ఆయన నోట్లోంచి వచ్చేది ఆ మాటే. బండి కదలాలన్నా రైట్ రైట్, భోజనానికి పిలిచినా రైట్ రైట్. నన్ను చెల్లెమ్మా అంటాడు గనక మా ఆయన ఆయనకి బావ.

"ఎక్కడ బావా?"

"ఇక్కణ్ణుంచి ఇదిగో ఇక్కడిదాకా."

"లాగుతోందా, పొడుస్తోందా?"

"లాగుతోంది. మధ్యమధ్యలో పొడుస్తోంది."

కండక్టరు నా చేతిలోంచి టీ గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, తీర్పు చెప్పాడు. "తేలిపోయింది. నరం మీద నరం ఎక్కింది."

"ఎందుకెక్కింది అన్నయ్యగారూ, సీటు దొరక్కా?" అన్నాను.

"నవ్వకు చెల్లెమ్మా. ఎక్కిందంటే దిగాలి కదా? ఎక్కినవాళ్ళని దించడం నాకు తెలీని పనా? ఎక్కడ పట్టుకుని దించాలో తెలిసినవాడు ఒకడు దొరికితే చాలు."

మా అత్తగారు తలుపు దగ్గరనుంచే తలూపారు. "నేను మొదట్నుంచీ అదే అంటున్నాను. ఎక్కిందిరా నాన్నా, చూస్తుంటేనే తెలుస్తోంది." ఆవిడ మొదట్నుంచీ అన్నది చన్నీళ్ళ స్నానం వల్ల వచ్చిందని.

మన భాషలో నరం అనే మాటంత మంచి మాట ఇంకోటి లేదు. చేతి మీద నీలంగా ఉబ్బి కనిపించే రక్తనాళమూ నరమే, మడమ వెనక బిగిసి ఉండే తాడూ నరమే, నొప్పిని మోసుకెళ్ళే అసలు నరమూ నరమే. ఇన్ని నరాలున్నచోట ఒకదాని మీద ఒకటి ఎక్కిందంటే కాదనే మొనగాడెవరు? బస్సులో బతికేవాళ్ళకి ఆ మాట మరీ బాగా పట్టేసింది. ఎక్కడమూ దిగడమూ తప్ప వాళ్ళకి ఈ లోకంలో ఇంకో పని జరుగుతుందని నమ్మకం లేదు.

అప్పణ్ణుంచి కాలికి సేవలు మొదలయ్యాయి. పొద్దున ఆముదం మర్దన. సాయంత్రం మా అత్తగారి ఉప్పు కాపడం. పిక్కకి బిగుతు మేజోడు. పడుకున్నప్పుడు కాలికింద రెండు దిండ్లు, తలకింద ఒకటే. మూడు వారాల్లో ఆ కాలికి జరిగినన్ని మర్యాదలు నాకు పెళ్ళిలో కూడా జరగలేదు. నడుము వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు.

ఎవరూ అంటే నేను కూడా. డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. కప్ప వెన్నులోంచి పుట్టి తొడలోకి దిగే తెల్లటి నరాన్ని నా చేత్తో, తెగకుండా, నల్లదారం మీద ఎత్తి చూపించి ఫస్టు మార్కు తెచ్చుకున్నాను. మా ఆయన దగ్గరికి వచ్చేసరికి ట్యూబు మూత తీసి పిక్కకి మందు రాశాను. కప్పకున్నపాటి నడుము ఆయనకీ ఉంటుందని నాకు తోచలేదు.

నాలుగోవారంలో కండక్టరు అన్నంత పనీ చేశాడు. నరాన్ని దించేవాణ్ణి పట్టుకొచ్చాడు. "నరాల మాస్టారు" అంటారట. పాతటైర్ల దుకాణం వెనక గదిలో ఉంటాడు, ఒకప్పుడు బరువులెత్తడం నేర్పేవాడట. మనుషుల్ని చూసే చూపులో ఆ అలవాటు ఇంకా పోలేదు. మా ఆయన్ని నేలమీద పడుకోబెట్టి, ఎడమకాలు మడిచి, ఛాతీకి అదిమి, ఒక్క విసురున చాపి లాగాడు. లోపల ఏదో టప్‌మంది. మా ఆయన వేసిన కేకకి పక్కింటివాళ్ళు మేడమీదనుంచి తొంగి చూశారు.

"విన్నారా?" అన్నాడు మాస్టారు గర్వంగా. "దిగింది."

"అది దిగిన చప్పుడని మీకెలా తెలుసండీ?" అన్నాను.

"ఎక్కిన చప్పుడు వేరేగా ఉంటుందమ్మా."

అంత శాస్త్రజ్ఞానం ఎదురయ్యాక, మా ఆయనకి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాను.

విచిత్రమేమిటంటే, రెండురోజుల తరవాత నొప్పి సగానికి పైగా తగ్గింది. ఇల్లంతా సంబరం. మా ఆయన విజిలేసుకుంటూ డ్యూటీకి వెళ్ళారు. కండక్టరు డిపోలో మరో ఇద్దరి కాళ్ళకి మాస్టారి అడ్రసిచ్చాడు. నాకు మాత్రం ఒక సంగతి నచ్చలేదు. ఆయన నడక చప్పుడు మారింది. కుడికాలు టక్‌మంటోంది, ఎడమకాలు చప్‌మని నేలని కొడుతోంది. గుమ్మం దాటేటప్పుడు ఎడమ బొటనవేలు ప్రతిసారీ గడపకి తగులుతోంది. ఎడమ చెప్పు వీధిలోనే జారిపోతే, పది అడుగులు నడిచాక గానీ ఆయనకి తెలియడం లేదు.

"చెప్పు వదులైంది" అన్నారు. కొత్త చెప్పులు కొన్నారు. అవీ వదులయ్యాయి.

ఆ ఆదివారం మా అత్తగారు, దిగిన నరం మళ్ళీ ఎక్కకుండా ఉండాలని, పాదం మీద ఉప్పుమూట పెట్టారు. మూట పెనం మీదనుంచి తీసి తిన్నగా పెట్టారనుకుంటాను. ఆయన టీవీ చూస్తూ కదల్లేదు, మెదల్లేదు. తీసి చూస్తే పాదం మీద నిమ్మకాయంత బొబ్బ.

"కాలుతుంటే చెప్పొద్దురా?" అని ఆవిడ లబోదిబోమన్నారు.

ఆయన బొబ్బ వంక చూశారు. నా వంక చూశారు. "కాల్లేదే" అన్నారు.

నొప్పి తగ్గిందని పండగ చేసుకున్నాం. నొప్పితోపాటు కాలు కూడా వెళ్ళిపోతోందని ఎవరం చూసుకోలేదు.

"రేపు డాక్టరు దగ్గరికి వస్తారా, నన్ను డిపో మేనేజరు దగ్గరికి వెళ్ళమంటారా?" అన్నాను. ఇద్దరిలో తక్కువ ప్రమాదం డాక్టరే అనిపించినట్టుంది, బొబ్బకి కట్టు కట్టించుకోవాలనే వంకతో బయల్దేరారు. కండక్టరు కూడా వచ్చాడు. పిలవకపోయినా వచ్చేవాడే కండక్టరు.

డాక్టరమ్మ వెంటనే కాలిని ముట్టుకోలేదు. ముందు చాలా ప్రశ్నలేసింది. తరవాత మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమకాలు మెల్లిగా పైకెత్తింది. జానెడు లేచిందో లేదో మా ఆయన మంచం అంచు పట్టుకున్నారు.

"ఎక్కడ లాగింది?"

"పిర్ర నుంచి పాదం దాకా."

"ఊఁ. బొటనవేలు పైకెత్తండి. నేను నొక్కుతాను, నొక్కనివ్వకండి."

కుడివేలు ఆవిడ చేతిని ఎదిరించి నిలబడింది. ఎడమవేలు పెద్దల మాట వినే పిల్లలా వెంటనే వంగిపోయింది. చిన్న సుత్తితో మోకాలి దగ్గరా మడమ దగ్గరా తట్టి చూసింది. గుండుసూదితో పాదమంతా గుచ్చి, గుచ్చినప్పుడల్లా "తెలుస్తోందా?" అంది. "మడమల మీద నడవండి" అంది. ఆయన రెండడుగులు వేసి బల్ల పట్టుకున్నారు. ఒంటికి రెంటికి ఇబ్బంది ఉందా, కూర్చునేచోట మొద్దుబారిందా అని కూడా అడిగింది. లేదంటే ఊపిరి వదిలింది. అప్పుడే నాకు అర్థమైంది, అంతవరకు ఆవిడ ఊపిరి బిగబట్టే ఉందని.

కండక్టరు ఉండబట్టలేకపోయాడు. "డాక్టరమ్మా, నరం మీద నరం ఎక్కింది కదండీ? మేం దింపించాం."

"నరాలు ఎక్కవండీ. ఎక్కడానికి వాటికి కాళ్ళుండవు." ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "వెన్నుపూసల మధ్య మెత్తల్లాంటివి ఉంటాయి. నడుము దగ్గర ఒక మెత్త ఉబ్బి, కాల్లోకి వెళ్ళే నరాన్ని మొదట్లోనే నొక్కుతోంది. సయాటికా అంటారు."

"నా నడుము శుభ్రంగా ఉందండీ" అన్నారు మా ఆయన. "తేడా కాలికే."

డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ కాలు చూపించారు. మూడోసారి ఆవిడ కలం కింద పెట్టేసరికి నేను కలగజేసుకున్నాను.

"మీ బస్సులో గంట ఎక్కడ మోగుతుంది?"

"నా చెవి పక్కన."

"తాడు లాగేదెవరు?"

"వెనకనుంచి వీడు."

"గంట ఆగకుండా మోగుతోందనుకోండి. గంటకి ఆముదం రాస్తారా, ఉప్పు కాపడం పెడతారా, వెనక్కి తిరిగి తాడు పట్టుకున్నవాణ్ణి చూస్తారా?"

ఆయన వెనక్కి తిరిగి కండక్టర్ని చూశారు. ఆ చూపులో నెల రోజుల మర్దనలున్నాయి. కండక్టరు గోడమీది వెన్నెముక పటాన్ని శ్రద్ధగా చదవడం మొదలెట్టాడు.

"మరి నొప్పి తగ్గింది కదండీ?" అన్నారు చివరి ఆశగా.

"అరిచి అరిచి గొంతు పోయినవాడు ఊరుకుంటే వాడి బాధ తీరినట్టా?" అంది డాక్టరమ్మ. "చాలామందికి ఇది కత్తి పడకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. మంచానికి అతుక్కుపోకూడదు, నడుస్తూండాలి, మందులు, వ్యాయామం. మీకలా చెప్పి పంపేద్దును. కానీ పాదం బలం తగ్గింది, అది నాకు నచ్చలేదు. రేపే స్కాన్ తీయించండి. బలం ఇంకా తగ్గినా, ఒంటికి రాకపోయినా, కూర్చునేచోట తిమ్మిరెక్కినా, వారం ఆగి రావడం కాదు, ఆ గంటలోనే ఆసుపత్రికి రావాలి. అప్పుడు ఆపరేషనే. ఇంకోళ్ళెవరూ ఈ కాలు లాగకూడదు."

అని ఒక కాగితం రాసింది. పాదం బలం పూర్తిగా వచ్చేదాకా డ్రైవింగ్ చేయరాదు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నారు. ఆ దాచుకునే తీరులోనే అది డిపో గుమ్మం తొక్కదని నాకు అర్థమైపోయింది.

స్కాన్‌లో డాక్టరమ్మ చెప్పిందే కనిపించింది. సర్జన్ చూసి, రెండువారాలు గట్టిగా కనిపెట్టి ఉందాం, పాదం తేరుకోకపోతే కోద్దాం అన్నాడు. మా ఆయన బుద్ధిమంతుడిలా అన్నిటికీ తలూపారు. సెలవు పెట్టారు. మందులేసుకున్నారు. మూడోరోజు పొద్దున నేను వంటింట్లో ఉండగా యూనిఫారం వేసుకుని ఫిట్‌నెస్‌కి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఆయనా కండక్టరూ స్వీట్ల పొట్లంతో వచ్చారు.

"ఫిట్!" అన్నాడు కండక్టరు, మెడికల్ పాసైంది తనే అయినట్టు. "స్టాంపు కూడా పడింది చెల్లెమ్మా."

"ఏం చూశారు?"

"అన్నీ చూశారు" అన్నారు మా ఆయన. "అక్షరాల బోర్డు చదివించారు. బీపీ చూశారు. ఏవైనా ఇబ్బందులున్నాయా అని అడిగారు, లేవన్నాను. చేతులు పైకెత్తమన్నారు, ఎత్తాను. దించమన్నారు."

బస్సుకి ఫిట్‌నెస్ ఇవ్వాలంటే బ్రేకు తొక్కి చూస్తారు, టైరు తన్ని చూస్తారు, హారను కొట్టి చూస్తారు. బస్సుని తోలేవాడికి చేతులెత్తించి పంపేశారట. చేతులెత్తేయడమే పరీక్ష అయితే మా ఇంట్లో ఇంతవరకు తప్పినవాళ్ళు లేరు. నలభైమందిని పదకొండింటికల్లా చూసేసి వెళ్ళాల్సిన డాక్టరుగారు మాత్రం ఎవరి కాళ్ళని చూస్తారు, పాపం?

"అంతా నా కాపడం చలవ" అన్నారు మా అత్తగారు స్వీటు అందుకుంటూ.

"బొబ్బ మానిందా అత్తయ్యా?"

"మానకేం? కొంచెం మచ్చ ఉంది."

మా ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "రేపు ఫస్ట్ షిఫ్ట్. పెందలాడే క్యారేజీ కట్టు."

"కడతాను" అన్నాను. "ఒక్క పని చెయ్యండి. వంటింటి గుమ్మం దగ్గరనుంచి వీధి గుమ్మం దాకా మడమల మీద నడవండి. వేళ్ళు నేలకి తగలకూడదు. నడిస్తే రెండు క్యారేజీలు కడతాను."

"నీకు నా స్టాంపు చాలదా?"

"స్టాంపు నడవదుగా."

"ఇదో పరీక్షా!" అని కండక్టరు లేచాడు. "చూడు చెల్లెమ్మా." పొట్ట ముందుకి, వేళ్ళు మింటికి, బాతులా గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. మా అత్తగారికి పౌరుషం వచ్చింది. "నాకు అరవై ఎనిమిది" అని ప్రకటించి, గోడ పట్టుకోకుండా సగం దూరం నడిచి, సగంలో నవ్వొచ్చి ఆగిపోయారు.

"కానీ బావా, నీ వంతు" అన్నాడు కండక్టరు చప్పట్లు కొడుతూ.

మా ఆయన లేచారు. కుడిపాదం మడమ మీద నిలబడి వేళ్ళు చూపించింది. ఎడమపాదం తాడు మీద ఆరేసిన తడిగుడ్డలా వేలాడింది. ఆయన పెదవి బిగించి మళ్ళీ ఎత్తారు. మళ్ళీ వేలాడింది. మూడోసారి చేత్తో తొడ పట్టుకుని లేపబోయారు. వేళ్ళు కదల్లేదు. చప్పట్లు ఎప్పుడో ఆగిపోయాయి.

కండక్టరు వంగి ఆ పాదాన్ని చూశాడు. పదకొండేళ్ళుగా ఆ పాదాన్ని నమ్ముకుని టిక్కెట్లు కొట్టిన మనిషి, దాన్ని చూడ్డం అదే మొదటిసారి.

"బావా, పోయిన వారం మార్కెట్ మలుపులో బండి ఎగిరిపడింది. గుర్తుందా?"

"గేరు పడలేదు."

"సంచీ పట్టుకుని నిలబడ్డ ఆవిడ నా మీద పడింది. సారీ చెప్పింది నేను."

"గేరు పడలేదన్నానా?"

"గేరేనా?"

మా ఆయన కుర్చీలో కూలబడి, ఎడమపాదాన్ని చేత్తో సర్దుకుని, నేలవైపు చూస్తూ అన్నారు. "పాదం క్లచ్చు మీదికి లేవలేదు. అంచుకి తగిలి కిందికి దూరింది. క్షణమే."

మా అత్తగారు నోట్లో స్వీటు నమలడం మానేశారు.

"హోల్డాన్" అన్నాడు కండక్టరు.

మెల్లిగానే అన్నాడు. బండి ఆగాలన్నప్పుడు ఆ ఉద్యోగంలో అనే మాట అది. మా ఇంట్లో మాత్రం ఆయన నోట అది విన్నది ఆ రోజే.

"జేబులో కాగితం నువ్విస్తావా, నేనివ్వనా?"

"నువ్వా?" మా ఆయన గొంతు లేచింది. "నువ్వా చెప్పేది? నరం మీద నరం ఎక్కిందన్నది నువ్వు! నా కాలు లాగించింది నువ్వు! నీ మాట విని కాదూ ఇంతదాకా తెచ్చుకున్నది!"

"నేనే. తప్పే అన్నాను. అప్పుడు నరాన్ని దిగమన్నాను, బుద్ధిలేక. ఇప్పుడు నిన్ను దిగమంటున్నాను. నీ బండి నేనెక్కను బావా."

"వేరే కండక్టర్ని వేయించుకుంటా."

"వేయించుకో. వాడికీ చెప్తాను. డిపోలో ఉన్న అరవైమందికీ చెప్తాను. నా నోరు సంగతి నీకు తెలుసుగా."

తెలుసు. ఆ నోటికి ఎదురులేదు. ముప్పై రోజులుగా ఆ నోటిని తిట్టుకుంటూ టీలు పోసినదాన్ని, ఆ రోజు మొట్టమొదటిసారి అడక్కుండా రెండో గ్లాసు పోశాను.

ఆయన ఆ సాయంత్రమే వెళ్ళి కాగితం ఇచ్చారు. మేనేజరు స్టాంపునీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని, రెంట్లో ఏది నిజమో తెలియక కాసేపు బాధపడి, చివరికి ఎంక్వైరీ కిటికీకి పంపించాడు. డాక్టరమ్మ చెప్పింది గనక అక్కడ కూర్చోకుండా నిలబడి పనిచేశారు, అరగంటకోసారి స్టాండు చివరిదాకా నడిచొచ్చారు. వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పినట్టు పొద్దున్నా సాయంత్రం బోర్లా పడుకుని తల ఎత్తడం, నడుముకి బలమిచ్చేవి, పాదానికి రబ్బరు పట్టీ కట్టి పైకి లాగడం. మొదటివారం పట్టీయే గెలిచింది. పదోరోజు బొటనవేలు వెంట్రుకవాసి లేచింది. అది లేచిందా, మేం అనుకున్నామా అని ముగ్గురం వంగి చూశాం. రెండువారాలకి సర్జన్ చూసి, తిరుగుముఖం పట్టింది, కత్తి అక్కర్లేదు అన్నాడు. మా అత్తగారు కాపడం కలిసొచ్చిందన్నారు. ఎవరూ వాదించలేదు. ఉప్పు డబ్బా మాత్రం నేను అటక మీద పెట్టాను.

నరాల మాస్టారి గది ముందు ఇప్పటికీ మనుషులు వరసలో ఉంటారట. నరాలు ఎక్కుతూనే ఉన్నాయి, ఆయన దించుతూనే ఉన్నాడు. వచ్చినవాళ్ళకి మా ఆయన కాలు గురించి కూడా చెప్తాడట, తను బాగుచేసిన కాళ్ళ లెక్కలో.

మూడునెలలకి డాక్టరమ్మ మడమల మీద నడిపించి, డిపో యార్డులో ఖాళీ బస్సు తోలి చూడొచ్చు అని రాసింది. ఆ రోజు నేనూ వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు పక్కసీట్లో కూర్చున్నాడు. నేనూ కండక్టరూ వర్క్‌షాపు గోడ నీడన నిలబడ్డాం. బస్సు యార్డు చుట్టూ తిరుగుతోంది, ఆగుతోంది, కదులుతోంది. పన్నెండు చుట్లు అనుకున్నారు. ఎక్కడా కుదుపు లేదు. పెళ్ళిచూపుల్లో కాఫీ తెచ్చినంత నింపాదిగా తోలుతున్నారు.

తొమ్మిదో చుట్టు సగంలో బస్సు ఆగింది. ఇంజను ఆగింది. ఆయన దిగారు.

"ఏమైందోయ్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి. "బ్రహ్మాండంగా తోలావు. మిగతావి అక్కర్లేదు, సంతకం పెట్టేస్తాను. నువ్వు పాస్."

"పాస్ చేసింది మీరు సార్. నా కాలు చెయ్యలేదు."

"అంటే?"

"ఇందాక పాదం ఎత్తడం ఆలస్యమైంది. మీకు తెలిసుండదు. నాకు తెలిసింది. ఇంకో నెల చూస్తాను."

ఇన్‌స్పెక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. పాసవ్వనంటూ బతిమాలుకునే డ్రైవరు ఆయన సర్వీసులో తగిలినట్టు లేదు. కండక్టరు గొంతు సవరించుకున్నాడు. "బావా, అలసటకి నాకు తెలిసిన ఒక..."

"నోరుముయ్" అన్నారు మా ఆయన, ఆప్యాయంగానే.

బస్‌స్టాండు దగ్గర కూరగాయలు కొనుక్కుని ఇంటికి నడిచాం. మా ఆయన ఎడమకాలు ఎలా పడుతోందో తనే వింటూ నడుస్తున్నారు. ఆయన్ని పొగడాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. పొగిడితే ఇల్లు చేరేదాకా క్లచ్చు మీద పాదం ఎలా వెయ్యాలో నాకు పాఠం చెప్తారని తెలుసు గనక, ఊరుకుని, ఆయన చేతిలో కూరగాయల సంచీ మాత్రం నేను తీసుకున్నాను.